మోరి పాటకి పడ్డ చిల్లులు

మా ఆయన లెక్కలో ఈ ఇంట్లో ఏది చెడినా దాని వేరు వంటింట్లోనే ఉంటుంది. బైకు స్టార్టవకపోయినా సర్వేశ్వరరావుగారు ఒకసారి వంటింటి వైపు చూసి మరీ రెండో కిక్కు కొడతారు. కాబట్టి గిటారు రికార్డింగులో శబ్దం మధ్యమధ్య తెగిపోతుంటే నా మిక్సీకి శిక్ష పడడంలో వింత లేదు. అది కరెంటుని కలవరపెడుతోందట. పది రోజులు ముట్టుకోవద్దన్నారు. రోట్లో రుబ్బాను. పచ్చళ్ళు ఇంత రుచిగా ఎప్పుడూ లేవని ఆయనే అన్నారు.

నర్సీపట్నం నుంచి చింతపల్లి వచ్చి కాఫీ, మిరియాల వ్యాపారం పెట్టినప్పుడు ఆయన వెంట కాటాతో పాటు ఆ గిటారు కూడా ఘాట్ రోడ్డెక్కింది. దాని తీగ ఒక చిన్న డబ్బాలోకి, డబ్బా తీగ లాప్‌టాప్‌లోకి పోతాయి. మైకు లేదు. ఇన్నాళ్ళూ సరదాకి వాయించుకునేవారు. ఈసారి సరదా కాదు.

మాకు మిరియాలు కోసే కనక కూతురికి శుక్రవారం పెళ్ళి. పెళ్ళిలో ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని ధింసా ఆడతారు. డప్పులకి మనుషులున్నారు గాని, సన్నాయిలాంటి మోరి ఊదే సోంబరుకి దగ్గు పట్టుకుంది. ఆ పాట ఊదడం వాళ్ళ ఊళ్ళో ఇంకెవరికీ రాదు. కనక కూనిరాగం తీస్తే మా ఆయన గిటారు మీద పట్టుకున్నారు. రికార్డు చేసిస్తే స్పీకర్లో వేసుకుంటారు.

రికార్డయింది. వింటే పాట నిండా చిల్లులు. కనక మా గడపలో కూర్చుని చివరిదాకా విని, మెల్లిగా నన్నడిగింది.

"మద్దిలో పాట మాయమైతే ఎత్తిన కాలు ఏడ దించాలక్కా? ఒకర్తి తడబడితే గొలుసు గొలుసంతా పడిపోద్ది."

ఆ రోజు నుంచీ నాకు కలలో కూడా గాల్లో ఆగిపోయిన పాదాలే.

ఆయన ఊరుకోలేదు. డబ్బా తీగ మార్చారు. బఫర్ అనేదేదో పెంచారు. చిల్లులు తగ్గాయి గాని, తీగ మీటిన కాసేపటికి, అవతలి కొండ మీద ఎవరో వాయిస్తున్నట్టు, శబ్దం తీరిగ్గా వచ్చేది. దాంతో తాళం కుదరక మళ్ళీ తగ్గించేశారు. రికార్డింగు మొదలైన రోజు నుంచీ ఆయనకి గురువు యూట్యూబే. దానికి సిగ్నల్ కావాలి. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. కిటికీ బయట సిల్వర్ ఓక్ కొమ్మకి ఫోను సంచిలో పెట్టి కడితే రెండు గీతలొస్తాయి. ఈ వీధిలో అందరి చెట్లకీ ఫోన్లే కాస్తాయి. ఆ ఫోన్లోంచి లాప్‌టాప్‌కి నెట్టు పట్టి, మొదట రికార్డు చేసే పద్ధతి, తర్వాత జబ్బుకి మందు చూసుకుంటూ, నెట్టు తీయకుండానే మళ్ళీ వాయించేవారు.

బుధవారం పొద్దున టీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడ్డాను. మంచు లోయలోంచి లేచి, తొందరేమీ లేనట్టు మిరియం తీగల్ని ఒక్కొక్కటే మింగుతూ వస్తోంది. చెట్టు పోయింది. సంచి మాత్రం కాసేపు కనబడుతూ, కాసేపు మాయమవుతూ ఊగుతోంది. నా వెనకే, గదిలో లాప్‌టాప్ స్పీకర్లోంచి గిటారు. ఇల్లే మెల్లగా ఎక్కడికో తేలిపోతున్నట్టుంది. సంచి అటు ఊగినప్పుడు లాప్‌టాప్ మూలన వైఫై గుర్తు ఆరింది. మళ్ళీ వెతుక్కుంది, వెలిగింది. ఆ వెతుకులాటలోనే పాటకి చిల్లు. మరోసారి ఊగింది. మరో చిల్లు. నేను టీ చల్లారనిచ్చి తొమ్మిదిదాకా లెక్కపెట్టాను.

నేను డిగ్రీలో ఫిజిక్సు, ఆయన బీకాం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఈ సంగతి ఎత్తాల్సిన అవసరం రాలేదు. అప్పుడూ ఎత్తలేదు. ఆయన స్నానానికి వెళ్ళగానే లాప్‌టాప్‌లో వైఫై ఆపేశాను. వచ్చి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టగానే వంటింట్లోకెళ్ళి అల్లం పచ్చడికి మిక్సీ వేశాను. పచ్చడి నలిగిపోయినా ఆపలేదు.

పాటంతా అయ్యాక విని, ఒక్క చిల్లూ లేదని చెప్పడానికి హెడ్‌ఫోన్లు తీశారు. తీస్తే, మిక్సీ. వంటింటి గుమ్మంలో అలా నిలబడిపోయారు. నేను వైఫై సంగతి చెప్పాను. ఆయన పైకప్పు వైపు చూసి, ఈ రోజు కరెంటు కాస్త బాగున్నట్టుందన్నారు.

గురువారం మధ్యాహ్నం కనక వచ్చింది. మిరియాలు ఎండబోసే కళ్ళంలో స్పీకరు పెట్టారాయన. కనక ముందు కదల్లేదు, ఎక్కడ తెగుతుందోనని చెవి అటు పెట్టి నిలబడింది. తర్వాత కళ్ళు మూసుకుని, పక్కన ఎవరో ఉన్నట్టు గాల్లో చెయ్యి చాచి, అడుగేసింది. రెండు చుట్లయ్యాక ఆ చెయ్యి నా నడుం పట్టుకుంది. నా కాళ్ళకి ఆ అడుగులు రావు. అయినా ఎత్తిన కాలు ప్రతిసారీ నేలని వెతుక్కోకుండానే దిగింది. కొండలు కూడా మాతో ఓ చుట్టు తిరిగొచ్చాయేమో, పాట ఆగేసరికి ఏది ఎటుందో నాకు తెలియలేదు.

కనక చీరచెంగుతో మొహం తుడుచుకుంది. "ఏటి సేసినావు బాబూ, ఇంత బాగైపోయింది?"

ఏదో సెట్టింగు అనబోయారు. నా వైపు చూశారు. ఆయన వంగి ఒక మిరియపు గింజ తీసి, దుమ్ము ఊది, మళ్ళీ కుప్పలో వేశారు.

"నేను చేసిందేం లేదు కనకా, పాడు చెయ్యడం తప్ప. నెట్టు పెట్టుకుని వాయించింది నేను. పది రోజులూ తిట్టింది ఈవిణ్ణి. తప్పు నాదే."