చల్లారిన గాలి

తువ్వాలు, ఉన్ని టోపీ, మందు సీసా, ఉడికించిన గుడ్లు, రొట్టె, మంచినీళ్ళు. అన్నీ సంచిలో పెట్టి, మళ్ళీ అన్నీ బయటికి తీసి, అడుగున ఇంకో చొక్కా పరిచి మొదట్నుంచీ సర్దింది అక్క. సాయంత్రానికల్లా తిరిగి వచ్చేవాడికి రెండో చొక్కా అక్కర్లేదు, అయినా పెట్టింది. సంచి నిండుగా ఉంటే మనిషి దాన్ని మోసుకుంటూనైనా ఇంటికి చేరతాడని ఆమె నమ్మకం. తల్లి, తండ్రి, ఒకరి తర్వాత ఒకరు "ఇదిగో వచ్చేస్తాం" అని చేతులూపుకుంటూ వెళ్ళినవాళ్ళే. అప్పటినుంచి ఈ తమ్ముణ్ణి ఆమే పెంచింది. వాడికిప్పుడు కణతల దగ్గర నెరిసింది, అయినా వాడు గుమ్మం దాటితే ఆమెకు గుండెల్లో రాయి పడుతుంది.

ఈసారి రాయి కాదు, బండే పడింది. తమ్ముడు వెళ్ళేది తన చేత్తో కట్టిన గాలి కారులో.

దానికి పెట్రోలు చుక్క అక్కర్లేదు. సీటు కింద రెండు పొడుగాటి సిలిండర్లు ఉంటాయి. వాటిలో గాలిని కుక్కి నింపితే, అది బయటికి తోసుకొచ్చే బలానికి ఇంజను తిరుగుతుంది. వెనక గొట్టంలోంచి పొగ రాదు, చల్లటి గాలి వస్తుంది. ఎండాకాలంలో పక్కింటి వ్యాను డ్రైవరు ఆ గొట్టం ముందు మొహం పెట్టుకుని కూర్చునేవాడు. "గాలిమేడలు కట్టేవాళ్ళని చాలామందిని చూశా గానీ వదినా, గాలి బండి కట్టినవాణ్ణి మీ ఇంట్లోనే చూశా" అనేవాడు. ఆమెకు మాత్రం నవ్వొచ్చేది కాదు. సిలిండర్ల వైపు చూసినప్పుడల్లా, నిద్రపోతున్న జంతువు పక్కనుంచి నడుస్తున్నట్టు కాళ్ళు తేలికగా వేసేది.

కొండకవతల బండ్లను పరీక్షించే యార్డు ఉంది. అక్కడివాళ్ళు సరేనంటేనే కారు రోడ్ల మీద తిరగొచ్చు.

"పోతానక్కా" అన్నాడు తమ్ముడు, సంచి అందుకుని.

"పోతానంటావేంట్రా పొద్దున్నే? పోయొస్తానను."

"పోయి, వచ్చి, నీ చేతి తిట్లు తింటా. చాలా?"

అతను గాలి ఎంతుందో చూపే మీటరు ముల్లు వైపు ఒక్క చూపు చూశాడు. అది పచ్చగీత మీద నిలబడి ఉంది. కారు సన్నగా బుసకొడుతూ వీధి మలుపు తిరిగింది. అది కనబడకుండా పోయాక కూడా ఆమె చాలాసేపు గేటు పట్టుకునే ఉంది.

ఆ తర్వాత షెడ్డు ఊడవడానికి వెళ్ళింది. చేతికి పని లేకపోతే మనసు దయ్యాల కొంప అవుతుందని ఆమెకు తెలుసు. మూలన పెద్ద నిలవ ట్యాంకు, దాని పక్కన అవసరానికి ఉంచిన చిన్న సిలిండరు ఉన్నాయి. చీపురు తగులుతుందేమోనని సిలిండర్ని పక్కకి జరపబోయి, దాని మీటరు చూసి ఆగిపోయింది.

పచ్చగీత మీద ఉండాల్సిన ముల్లు బాగా కిందికి దిగి ఉంది.

కుళాయి బిగించే ఉంది. చెవి ఆనించి విన్నా ఎక్కడా బుస్సుమనడం లేదు. మరి గాలి ఎటు పోయింది?

ముందురోజు రాత్రి తమ్ముడు పెద్ద ట్యాంకు నుంచి కారుకీ, ఈ చిన్న సిలిండరుకీ గొట్టాలు తగిలించి చెప్పాడు: "కుళాయి చిటికెడే తెరిచాక్కా. తెల్లారేసరికి దానంతటదే నిండుతుంది. ముట్టుకోకు." ఆమె వేకువనే లేచి చూసింది. కారు ముల్లూ, ఈ చిన్నదాని ముల్లూ ఇంకా గీతకి అందలేదు. ఆలస్యంగా బయల్దేరితే ఆలస్యంగా వస్తాడు, కొండ మీద చీకటి పడుతుంది. ఆ భయం కొద్దీ కుళాయి సగం దాకా తిప్పేసింది. గాలి పెద్ద చప్పుడుతో దూకింది. రెండు ముళ్ళూ చకచకా గీత మీదికి వచ్చాయి. సిలిండర్లు జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్ళులా కాలిపోయాయి. నిండింది కదా అని ఆమె సంతోషంగా కుళాయి కట్టేసి, తమ్ముణ్ణి లేపింది.

ఇప్పుడు చిన్న సిలిండరు చేతికి చల్లగా తగిలింది.

ఆమెకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. మంట పెద్దది చేస్తే గిన్నె నిండా పొంగుతాయి. దించి పక్కన పెడితే అవే పాలు కిందికి దిగిపోతాయి. ఒక్క చుక్క తగ్గకపోయినా గిన్నె వెలితిగా కనిపిస్తుంది. గాలీ అంతే. ముల్లు చూపింది గాలిని కాదు, పొంగుని. కారులో ఉన్నదీ ఈపాటికి చల్లారి ఉంటుంది.

నిలువెత్తు కొండ ఎక్కుతూ ఉంటే మధ్యలో గాలి అయిపోతుంది. దానికి బ్రేకు కూడా గాలిదే. గాలి లేకపోతే బండి వెనక్కి జారుతుంది. వెనక లోయ ఉంది.

ఫోను చేసింది. కొండ దారిలో ఫోను అందదు.

చీపురు అక్కడే పడేసి పక్కింటికి పరుగెత్తింది. వ్యాను డ్రైవరు కొండ మీది బంకుకి వేసే పెట్రోలు పీపాలకు తాడు బిగిస్తున్నాడు.

"ఏమయ్యా, నన్ను కొండెక్కించు!"

"ఏంటి వదినా, ఈ వయసులో లేచిపోదామనా?"

"నీ నోట్లో మన్ను! వాడి బండిలో గాలి లేదు. నేనే పాడు చేశా."

అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. షెడ్డులోకి వెళ్ళి చిన్న సిలిండర్ని భుజానికెత్తుకుని వచ్చి పీపాల మధ్య ఇరికించాడు.

వ్యాను మూలుగుతూ మలుపులు ఎక్కింది. మలుపు మలుపుకీ డ్రైవరు బ్రేకుని రెండుసార్లు తొక్కుతున్నాడు.

"అదేంటి, రెండుసార్లు?"

"మొదటిసారి తొక్కితే దానికి వినబడదు వదినా. నాలాగే ముసలిదయింది."

ఆమె కిటికీ చువ్వ పట్టుకుని లోయలోకి చూడకూడదనుకుంటూ చూస్తూనే ఉంది. ప్రతి తెల్లటి రాయీ కారులాగే కనిపించింది.

అన్నిటికన్నా నిటారుగా ఉండే చోట, ముక్కు ఆకాశానికెత్తి, కారు నిలబడి ఉంది. లోపల ఎవరూ లేరు.

వ్యాను ఆగీ ఆగకముందే ఆమె దిగింది. "ఒరేయ్!" అని పిలుస్తూ కారు వైపు పరుగెత్తింది.

"ఏంటక్కా, గుడ్లకి ఉప్పు పొట్లం పెట్టలేదు?"

రోడ్డు పక్క పిట్టగోడ మీద కాళ్ళాడిస్తూ కూర్చుని, సగం కొరికిన గుడ్డు చేత్తో పట్టుకుని, తమ్ముడు అడుగుతున్నాడు.

ఆమె వెళ్ళి అతని వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంకోటి చరచబోయి, ఆ చెయ్యి అక్కడే ఆన్చి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. డ్రైవరు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, "కొట్టు వదినా, నా వంతు కూడా కలిపి కొట్టు" అన్నాడు.

"జారలేదురా? గాలి పోతే బ్రేకు పోదా?"

"తిరగేసి పెట్టానక్కా. గాలి ఉంటేనే బ్రేకు వదులుతుంది. గాలి పోయిందా, లోపలి స్ప్రింగు చక్రాన్ని కరిచి పట్టుకుంటుంది. చూడు. బావా, నువ్వు తొయ్యి."

డ్రైవరు భుజమానించి తోశాడు. కారు గోరంత కూడా కదల్లేదు. అక్క కూడా తోసింది. అది కొండకి అంటుకుపోయినట్టుంది. ఇన్నాళ్ళూ భయపడిన ఆ బండి బానెట్టుని ఆమె చిన్నగా నిమిరింది.

"కుళాయి తిప్పింది నేనేరా."

"ముల్లుని నమ్మింది నేను. చెయ్యి పెట్టి చూస్తే వేడి తెలిసేది. పరీక్షకి పోతున్నానన్న సంబరంలో ఒళ్ళు తెలియలేదు." గుడ్డు మిగతా సగం నోట్లో వేసుకున్నాడు. "ఇంతకీ ఇంత దూరం ఎలా వచ్చావు, ఈ పెట్రోలు పీపాల మధ్య?"

"అదే నాకూ తెలీదు."

చిన్న సిలిండర్లోంచి గొట్టం తగిలించి గాలి ఎక్కించారు, ఈసారి నెమ్మదిగా. కొండ దాటడానికి అది చాలు, అవతల అంతా దిగుడే. డ్రైవరు తన పీపాలతో బంకుకి వెళ్ళాడు. అక్క మాత్రం ఇంటికి వెళ్ళనంది. కారులో తమ్ముడి పక్క సీట్లో, సరిగ్గా ఆ సిలిండర్ల మీదే కూర్చుంది. యార్డువాళ్ళు వాలు మీద బండిని నిలిపి, గాలంతా వదిలేసి, జారుతుందేమోనని చూశారు. జారలేదు. కాగితం మీద ముద్ర పడింది. అక్కడి కంప్రెసరుతో తాపీగా గాలి నింపుకుని, పొద్దుండగానే ఇద్దరూ ఇల్లు చేరారు.

వీధి మొత్తానికీ కథ ముందే తెలిసిపోయింది. అక్క ఒక్కత్తే వ్యానుని కొండెక్కించినంత గొప్పగా చెప్పాడు డ్రైవరు.

"బావా, నీ వ్యానుకీ అలాంటి బ్రేకు పెడతాను. ఒక్క వారం షెడ్డులో వదిలెయ్యి" అన్నాడు తమ్ముడు.

"వారం వదిలేస్తే కొండ మీద బంకు ఎండిపోతుంది. చలికాలం పోనీ, చూద్దాం."

ఆ రాత్రి అక్క ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. ఆ తర్వాత తమ్ముడు ఎన్నోసార్లు కొండ దాటాడు, ప్రతిసారీ తిరిగి వచ్చాడు. ఆ ఏడు చలికాలం మొదటి వారంలో అదే పాత బ్రేకుతో, పెట్రోలు పీపాలతో కొండెక్కిన వ్యాను డ్రైవరు తిరిగి రాలేదు.