ఎడమచేతి అతుకు

"ఎవరో వస్తున్నారు, గన్ను ఇలా ఇచ్చి టీ పెట్టు."

ఆరేళ్ళుగా ఫెలిక్స్ ఇదే మాట అంటున్నాడు, ఆరేళ్ళుగా స్తుతి ఇస్తూనే ఉంది. ఘజియాబాద్‌లో లారీలు ఆగే రోడ్డు పక్కన వాళ్ళ షెడ్డు. లారీల్లో సరుకు మీద కప్పే పట్టాలు చిరిగితే ఇక్కడికొస్తాయి, ప్లాస్టిక్ పూత వేసిన మందపాటివి, ఒక్కోటి మనిషంత బరువు. వాటిని కుట్టరు, అతికిస్తారు. రెండంచులూ ఒకదాని మీదొకటి పరిచి, మధ్యలోకి హీట్ గన్ను మూతి దూర్చి, పూత కరుగుతుండగానే రోలర్‌తో గట్టిగా నొక్కుకుంటూ పోవాలి. ఆ పని చేసేది స్తుతి. బయట బండి ఆగిన చప్పుడు వినపడితే చాలు, గన్ను ఫెలిక్స్ చేతికి, స్తుతి స్టవ్ దగ్గరికి. "మా ఆవిడ ఏదో కాస్త సాయం చేస్తుందండీ, ఆడోళ్ళకి మెషిన్ల సంగతేం తెలుస్తుంది" అని ఒక నవ్వు కూడా.

అత్తగారు సరళకుమారిది ఇంకో గోల. చర్చిలో పక్కన కూర్చుని "ఏంటమ్మా, ఒళ్ళంతా ప్లాస్టిక్ కాలిన కంపు" అని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఇంట్లో అయితే, "పాస్టర్ గారికి ఎడమచేత్తో వడ్డిస్తావా? మీవాళ్ళు పెంచారా, వదిలేశారా?" ఈ చెయ్యి కాలితేనే కదా మీ కంచంలో అన్నం అని స్తుతికి గొంతు దాకా వచ్చేది, మింగేసేది. ఎన్ని మింగిందో!

పోయిన వారం మాత్రం మింగుడు పడలేదు. ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ తన డిపోకి పట్టాలు అతికే పనికి ఒక హెడ్ కావాలంది. ఫెలిక్స్ సాంపిల్ ముక్కలు పంపాడు. అన్నీ స్తుతి అతికినవే. ఫారంలో పేరు మాత్రం ఫెలిక్స్. అడిగితే, "నీ పేరు పెడితే ఎవడు చూస్తాడే? ఇంట్లో ఎవరికొస్తే ఏంటి?" అన్నాడు. పైగా ప్లాను కూడా చెప్పాడు: "పని చూసి టెస్ట్ చెయ్యడానికి కంపెనీ మేడమ్ వస్తుంది. ఆవిణ్ణి మాటల్లో పెట్టి బయటికి తీసుకెళ్తా, నువ్వు గబగబా కానిచ్చెయ్."

"అలాగేనండి" అంది స్తుతి. ఎంత మెత్తగా అందంటే, అతను భయపడాల్సింది.

ఇవాళ ఇషిత అనే ఆ మేడమ్ వచ్చింది, స్టూలు లాక్కుని కూర్చుంది. "బయట గాలి బాగుంటుంది మేడమ్" అన్నాడు ఫెలిక్స్ హిందీలో. "నహీ భయ్యా, మై యహీ బైఠూంగీ," ఇక్కడే కూర్చుంటానంది ఆవిడ. అతను స్తుతి వంక చూశాడు. స్తుతి తల వంచుకుని, "టీ పెట్టొస్తానండీ" అని వెళ్ళిపోయింది.

అల్లం దంచుతూ స్టవ్ దగ్గర్నుంచే అంతా చూసింది. ఫెలిక్స్ థిన్నర్ గుడ్డతో అంచుల దుమ్ము తుడవలేదు! దుమ్ము మీదే గన్ను పెట్టేశాడు. చూడ్డానికి నిగనిగలాడుతుంది, పట్టు మాత్రం ఉండదు. ఒక్క మాట అంటే చాలు. స్తుతి ఇంకాస్త అల్లం వేసింది.

ఇషిత స్క్రూడ్రైవర్ మొన అంచు కింద పెట్టి లాగింది. అరటి తొక్కలా మొత్తం ఊడొచ్చింది.

"ఇవాళ కరెంటు సరిగ్గా లేదు మేడమ్..."

ఇషిత బ్యాగులోంచి పాత సాంపిల్స్ తీసి పక్కన పెట్టింది. రోలర్ గీతలు వాటన్నిట్లో ఒక పక్కకి వాలి ఉన్నాయి, ఫెలిక్స్ ఇప్పుడు అతికినదాంట్లో రెండో పక్కకి. "భయ్యా, యే తో కిసీ లెఫ్టీ కా కామ్ హై. కౌన్ హై వో?"

ఇది ఎవరో ఎడమచేతివాటం వాళ్ళ పని, ఎవరు వాళ్ళు అని అడుగుతోంది. ఫెలిక్స్ గన్ను ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు.

స్తుతి వచ్చి టీ కప్పు అందించింది. ఎడమచేత్తో. వేళ్ళ మీద కాలిన మచ్చలు వరసగా కనపడేలా, తొందరేం లేకుండా. ఇషిత కప్పు కంటే ముందు ఆ చేతినే చూసింది. జేబులోంచి పెన్ను తీసి, ఫారంలో పేరు కొట్టేసి, "దీదీ, ఆప్‌కా నామ్?" అంది.

స్తుతి చెప్పింది. స్పెల్లింగ్‌తో సహా. తర్వాత థిన్నర్ గుడ్డ అందుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, గన్ను ఇలా ఇచ్చి టీ పెట్టండి. మేడమ్‌కి ఇంకో కప్పు. పంచదార తక్కువ."