సగం పోయినవి ఎవరివి?

మా తాతయ్య రిటైరైన డ్రిల్లు మాస్టారు. పార్కిన్సన్స్ వచ్చి కుడిచెయ్యి వణుకుతోంది కానీ, నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు. నేను పనిచేసే ల్యాబ్‌కి ఆయన ఒంటి మీంచి పిసరంత చర్మం ఇచ్చాడు. పోల్చి చూడటానికి అమ్మమ్మ కూడా ఇచ్చింది. ఆ చర్మాన్నే మెదడు కణాలుగా మార్చి చిన్న గిన్నెల్లో పెంచుతున్నాం. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే పోటీ.

"నా పిల్లలు చురుగ్గా ఉన్నారా? మీ అమ్మమ్మవి కునుకు తీస్తున్నాయా?" అని రోజూ అడుగుతాడు.

నిజానికి చచ్చిపోతున్నవి తాతయ్యవే. ఒక ప్రోటీన్ సరిగ్గా మడతపడక, ఉండలు కట్టి, కణం లోపలే పేరుకుపోతుంది. చెత్త ఎత్తేవాళ్లు లేని ఇల్లులా కణానికి ఊపిరాడదు. పైగా ఇది దొంగజబ్బు. చెయ్యి వణికే సరికే, కదలికలకు కబురు పంపే కణాలు సగందాకా పోయి ఉంటాయి. ఈ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆదివారం ఇద్దరూ చెప్పాపెట్టకుండా ల్యాబ్‌కి ఊడిపడ్డారు. గబుక్కున అమ్మమ్మ గిన్నె మైక్రోస్కోపు కింద పెట్టి, "ఇవే నీవి తాతయ్యా" అన్నాను.

ఆయన బల్ల మీద చెయ్యి ఆనించి చూశాడు. "ఓరి వీటి దుంపతెగ! వీటికీ వణుకేనా!"

"బల్ల మీంచి చెయ్యి తియ్యి తాతయ్యా."

తీశాడు. కణాలన్నీ కొమ్మలు చాచి, ఒకదాన్నొకటి అందుకుని బుద్ధిగా నిలబడ్డాయి.

"అద్దీ! అటెన్షన్! మాస్టారి పిల్లలంటే అలా ఉండాలి" అని మీసం మెలేశాడు.

"ఏదీ, నావీ చూపించవే" అంది అమ్మమ్మ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కడున్నది ఇంకొక్క గిన్నే, తాతయ్యది. చేసేదిలేక అదే పెట్టాను.

అమ్మమ్మ వంగి చూసింది. సగం కణాలు ముడుచుకుపోయి చుక్కల్లా తేలుతున్నాయి. మిగిలినవి తలో మూలా ఉన్నాయి. ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది. నా మొహానికి అబద్ధం దాచడం ఎప్పుడూ చేతకాదు.

"ఎలా ఉన్నాయే నీవి?" అన్నాడు తాతయ్య.

"నావి సగం పోయాయండీ. మీవే నయం."

"చెప్పానా! పెళ్లయిన నాటినుంచీ మొత్తుకుంటున్నా, పొద్దున్నే లేచి వ్యాయామం చెయ్యవే అని!" ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. మెట్లు దిగుతూ వాచ్‌మన్‌కి కూడా చెప్పాడు.

అమ్మమ్మ వెనకే ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ గిన్నెలో మిగిలినవాటిని జాగ్రత్తగా చూసుకోవే" అంది. "అవీ పోతే నాతో పోట్లాడేదెవరు?"