బావ ఎరుపు

స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో రబ్బరు మీది ఉప్పుపొరను ఇంకోసారి తుడిచి, చారల మావయ్య టేపు అంచును పళ్లతో తెంపాడు. కాలికి తొడిగే ఫిన్ చుట్టూ దాన్ని బిగలాగి పట్టి, బొటనవేలితో ఒత్తుకుంటూ వెళ్లాడు. ఎక్కడా గాలిబుడగ మిగలకూడదు. మిగిలితే అక్కడ నీళ్లు చేరి, నాలుగు రోజులకే టేపు ఊడి వేలాడుతుంది.

ఆ డైవింగ్ సెంటర్‌లో ఆయన పని అదే. ఎవరి వస్తువు ఎవరిదో ఇట్టే తెలిసేలా, నీళ్లలో దూరంగా ఉన్న మనిషి కూడా కళ్లబడేలా ఫిన్లకు, సిలిండర్లకు, జాకెట్లకు గుర్తులు పెడతాడు. టేపు అంటుకోని చిన్నవాటికి గోళ్లరంగు చుక్కలు పెడతాడు. ఆ సీసాలు కొనేటప్పుడు దుకాణంలో ఆడపిల్లలు నవ్వితే, "మా ఆవిడకి" అని అబద్ధమాడతాడు. ఆయనకు పెళ్లే కాలేదు. కుర్ర డైవర్లు పెట్టిన పేరు తప్ప మావయ్య అని పిలిచేవాళ్లు కూడా లేరు.

ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా నీళ్లకిందికి వెళ్లలేదు. చెబితే ఎవరూ నమ్మరు. ఈత వచ్చు, ఒంట్లో జబ్బేమీ లేదు, పైగా అక్క మొగుడే అక్కడ పెద్ద డైవరు. అడిగినప్పుడల్లా బావ "రేపు తీసుకెళ్తాలేరా" అనేవాడు. ఆ రేపు రాలేదు గానీ బావకు వేరే రేవులో ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రమే అక్కతో కలిసి ప్రయాణం. తాను వేసిన రంగులు కింద ఎలా ఉంటాయో చూడాలంటే మావయ్యకు ఆ ఒక్క పగలే మిగిలింది.

"పొద్దుటి పడవ రానీ, వెళ్దాం" అన్నాడు బావ.

పడవైతే వచ్చింది. అందులోవాళ్లు పోట్లాడుకుంటూ దిగారు. అందరూ ఒకే ఆఫీసువాళ్లు, సొంత సామాను తెచ్చుకున్నారు. పసుపు బాగా కనబడుతుందని ఎవరో చెప్పారట. ఒకే చుట్ట కొని, అందరి ఫిన్లకూ ఒకేచోట, ఒకేలా చుట్టేశారు. ఇంకేముంది, ఒకరిది ఒకరు తొడుక్కున్నారు. ఒకాయన పాదాలు బొబ్బలెక్కాయి, ఇంకొకాయన ఫిన్ నీళ్లలోనే జారిపోయింది.

"ఇది నాదేనండీ, పసుపు టేపుంది చూడండి" అన్నాడు బొబ్బల మనిషి.

"అందరిదీ పసుపేనండీ బాబూ!" అన్నాడు మావయ్య, నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువగా.

యజమాని తలుపులోంచి తొంగి చూశాడు. "మధ్యాహ్నం మళ్లీ దిగుతారట. ఈలోగా అన్నిటికీ వేరే గుర్తులు పెట్టెయ్. నీకిదెంత పని?"

ఆ మాట వింటే మావయ్యకు ఒళ్లు మండుతుంది. ఎంత పనో చేసేవాడికి తెలుసు. అయినా పసుపు టేపు చుట్ట తీసి కూర్చున్నాడు. ఒకరికి జంట చారలు, ఒకరికి ఏటవాలు గీతలు, ఒకరికి చుక్కలు. మెడ పట్టేసింది. తిండి వేళ దాటిపోయింది. కిటికీలో వెలుగు జరిగిపోతున్నకొద్దీ ఆయన టేపును తెంపడం మానేసి పీకడం మొదలుపెట్టాడు.

మూలన కొక్కేనికి బావ ఫిన్లున్నాయి, నిండెరుపు పట్టీలతో. మావయ్య మొట్టమొదట గుర్తుపెట్టిన సామాను అదే. అక్క తాళి సముద్రంలో తిరుగుతున్నట్టు ఉండేది ఆయనకు, అందుకే ఆమడదూరం నుంచైనా కనబడాలని ఎరుపు ఏరి తెచ్చాడు. ఆ తర్వాత కుర్ర డైవర్లెవరూ ఎరుపు అడగలేదు. పెద్ద డైవరు రంగని గౌరవం కాబోలు అనుకునేవాడు.

మధ్యాహ్నం పడవకు సామానంతా ఎక్కించి నిలబడేసరికి బావ తల గోక్కున్నాడు. "కింద మసకగా ఉందిరా. ఇవాళ వద్దులే."

మావయ్య ఇక ఆగలేకపోయాడు. "మసకైతే నాకేం బావా? రేపు రేపని ఇన్నేళ్లు తిప్పావు. రేపు నువ్వుంటావా? ఎన్నడూ చూడని చోటికి రంగులేస్తున్నాను, గుడ్డివాడిలాగా!"

"చూసేం చేస్తావురా?"

"ఏం చెయ్యను. చూస్తాను."

బావ పడవలో పక్కకి జరిగాడు. "సరే, ఎక్కు" అన్నాడు.

దిగేటప్పుడు చెవులు నొప్పెట్టాయి. బావ చూపించినట్టు ముక్కు మూసి ఊదితే తగ్గింది. మసకా లేదు, మన్నూ లేదు. నీలంలో అల్లంత దూరాన ఆఫీసువాళ్లు ఈదుతున్నారు. తాను పొద్దుటినుంచీ తిట్టుకుంటూ చుట్టిన పసుపు వాళ్ల పాదాల దగ్గర దీపాల్లా వెలుగుతోంది. జంట చారలు, చుక్కలు, అన్నీ తెలుస్తున్నాయి. మావయ్యకు గుండె నిండిపోయింది. అదే సంబరంతో బావ కాళ్లవైపు తిరిగాడు.

ఎరుపు లేదు. నల్లటి రబ్బరు మీద బురదలాంటి గోధుమరంగు ఉంది. బావ ఇంకాస్త కిందికి దిగితే అదీ నలుపులో కలిసిపోయింది. మాస్కు మీద చెయ్యి రుద్ది మళ్లీ చూశాడు. బావ పాదాలే కనబడలేదు.

పడవెక్కగానే మావయ్య మాస్కు పీకేశాడు.

"ఎరుపు కింద కనబడదని అందరికీ తెలుసా?"

"తెలుసు. లోతుకు పోతే మొదట మాయమయ్యే రంగు అదే."

"నాకు చెప్పొద్దన్నది నువ్వేనా?"

బావ తువ్వాలు పిండాడు. "మొదటిరోజు ఆ ఫిన్లు నా చేతిలో పెట్టినప్పుడు నీ మొహం చూశానురా. ఇక చెప్పలేకపోయాను. తీసుకెళ్తే నీకే తెలిసిపోతుందని..."

"ఎవరికీ కనబడకుండా తిరిగావు ఇన్నేళ్లూ! ఏదైనా అయ్యుంటే మా అక్కకేం చెప్పేవాణ్ణి?"

"ఏం కాలేదుగా."

"నోర్మూసుకో బావా!" అన్నాడు మావయ్య. బావను అంత మాట అనడం అదే మొదలు. అని, తనే ఏడ్చేశాడు.

ఒడ్డు చేరేసరికి వ్యాను సిద్ధంగా ఉంది. సామానంతా ఎక్కింది, ఫిన్లు తప్ప. మావయ్య వాటిని గదిలోకి లాక్కుపోయి, చాకుతో ఎర్ర పట్టీలను నిలువునా కోశాడు. ఊడదీసి పడేసి, జిగురు తుడిచి, పసుపు చుట్టాడు.

"ఉండనీరా, అలవాటైపోయింది" అన్నాడు బావ గుమ్మంలోంచి.

మావయ్య టేపు చివర తెంపి ఒత్తాడు. బయట హారన్ మోగింది. "ఏంట్రా మీ మంతనాలు? దారిలో చీకటి పడుతుంది!" అని అక్క కేకేసింది.

బావ ఫిన్లు చంకలో పెట్టుకుని, బావమరిది భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్లిపోయాడు. మావయ్య గుమ్మందాకా వచ్చాడు. వ్యాను మలుపు తిరిగింది. యజమాని ఎక్కణ్ణుంచో అరిచాడు, సామాను కడగాలని. ఆయన గదిలోకి తిరిగొచ్చి లైటు వేశాడు.

బల్లమీద కోసి తీసిన ఎర్ర పట్టీలు, ఇంకా తడిగా, ఫిన్ చుట్టూ ఉన్నప్పటి వంపులోనే పడి ఉన్నాయి.