రేడియేటర్ కింది తడి

మగ్గం గుంటలో కాలు పెట్టిన నర్మదను పాము కరిచింది. ఆసిఫాబాద్‌లో కిరాయి కారు నడిపే రహీమ్ ఆమెను, ఆమె భర్త అంబదాస్‌ను ఎక్కించుకుని మంచిర్యాల దవాఖానాకు బయలుదేరాడు. సగం దారిలో ఇంజను మరిగి ఆవిరి చిమ్మింది.

రహీమ్ బండి ఆపి బానెట్ ఎత్తాడు. ఫ్యాన్ బెల్టు బాగానే ఉంది. రేడియేటర్ కింది రబ్బరు గొట్టం చీలి నీళ్లన్నీ కారిపోయాయి.

"వాగుల నీళ్లు తెచ్చి పోద్దామా అన్నా?" అన్నాడు అంబదాస్.

"జర చల్లారనీ తమ్మీ. ఇప్పుడు పోస్తే ఇంజను పగుల్తది."

రహీమ్ తన రుమాలు చింపి గొట్టానికి బిగించి కట్టాడు. ఇంజను చల్లారాక వాగు నీళ్లు పోశాడు. కారు మళ్లీ కదిలేసరికి గంట దాటింది.

దవాఖానాలో డాక్టరు నర్మద నాడి చూసి, "ఒక గంట ముందు రావలసింది" అన్నాడు.

అంబదాస్ ఏడుస్తూనే రహీమ్ చేతులు పట్టుకున్నాడు. "నీ చేతనైనంత చేసినవన్నా."

ఆ మాట రహీమ్ మోయలేకపోయాడు.

"పొద్దుగాల బండి కింద తడి చూసిన తమ్మీ. గొట్టం కారుతుందని ఎరికైంది. రేపు చూద్దామని ఊకున్న."

అంబదాస్ అతని చేతులు వదిలేశాడు. నర్మద శవాన్ని ఇంటికి తీసుకుపోవడానికి ఇంకో బండిని వెతుక్కుంటూ బజారు వైపు నడిచాడు.