కాలరు కుట్టే సీటు

"ఆడవాళ్ళు ఉద్యోగాలు మానేస్తున్నారట. మొగుడి సంపాదన పెరిగితే వాళ్ళకి ఇల్లే ఇష్టమట" అన్నారు మా ఆయన, టీవీలో వార్తలు చూస్తూ. "చూశావా, నీ సంగతే చెప్తున్నాడు."

నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. నా ఇష్టమేమిటో టీవీవాడికి తెలిసిపోయింది గానీ, నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తనకు ప్రమోషన్ వచ్చిన వారమే "ఇంక నీకెందుకా మిషన్ల గోల, రాణిలా ఉండు" అన్నారీయన. "మావాడు పోషించలేడా?" అన్నారు అత్తగారు. రాణి అంటే అందరికంటే ముందు లేచి, అందరి తర్వాత తినేదని నాకప్పటికి తెలీదు.

రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో నాది కాలరు కుట్టే సీటు. కుడిపక్కావిడ భుజాలు అతికి ఇస్తే, నేను కాలరు వేసి, చూడకుండానే ఎడమకి తోసేదాన్ని. అక్కడ పొట్టక్క అందుకుని చేతులు కుట్టేది. అదేం స్వర్గం కాదు. నడుం పడిపోయేది, బాత్రూంకి వెళ్ళాలన్నా సూపర్‌వైజర్ దయ కావాలి. కానీ నేను ఆగితే లైనంతా ఆగేది. "కాలరూ, ఏమైందే?" అని కేకలేసేవాళ్ళు. ఇక్కడ జ్వరంతో పడుకుంటే "మరి టీ ఎవరు పెడతారు?" అంటారు.

మొన్న అత్తగారికి దిండు గలీబులు కుడుతూ, ఒకటవగానే అలవాటుగా ఎడమకి తోశాను. నేలమీద పడింది. రెండోదీ పడింది. "కొత్తగుడ్డ దుమ్ములో పారేస్తున్నావేంటమ్మా, ధ్యాసెక్కడుంది?" అన్నారావిడ. నా ఎడమపక్క ఉత్త గోడ. పొట్టక్క కోసం ప్రాణం కొట్టుకుపోయింది. మూడో గలీబులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

నిన్న పొట్టక్కే ఫోన్ చేసింది. "ఒసేయ్ కాలరూ, నీ సీటు ఖాళీ అయింది. కానీ ఇప్పుడంతా కాంట్రాక్టేనే. నువ్వు మానేసినప్పటికంటే తక్కువిస్తున్నారు. ధరలు ఆకాశంలో, మన కూలి పాతాళంలో. వస్తావో రావో రేపటికల్లా చెప్పు."

అదే ఇప్పుడు ఆయనకు చెప్పాను. తక్కువన్న సంగతి కూడా దాచలేదు. ఆయన టీవీ గొంతు తగ్గించి మరీ నవ్వారు.

"ఏళ్ళు గడిస్తే జీతం పెరగాలి గానీ తగ్గడమేంటి? బుద్ధున్నవాళ్ళెవరైనా అంత తక్కువకి చాకిరీ చేస్తారా?"

"ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో అంతకన్నా తక్కువకే చేశానండీ" అన్నాను, పొట్టక్క నంబరు నొక్కుతూ.