నల్లప్ప దొడ్డిలో బూట్లు

...కాదు, మరొకరెవరైనా వెళ్ళి ఉండొచ్చు. గుడ్ల వ్యాను డ్రైవరు. కాకి. గాలి. చివరికి గాలి మీదికి కూడా నెట్టేస్తావా అని పశువైద్యుడు జోయల్ తనను తానే అడిగాడు. కళ్ళు మాత్రం కంప్యూటరు తెర మీది కొమ్మల పటాన్ని వదలడం లేదు.

పటం పొద్దున్నే ల్యాబు నుంచి వచ్చింది. ఫ్లూ వైరస్ ఒక కోడి నుంచి ఇంకో కోడికి పాకేటప్పుడు దాని జన్యువుల్లో చిన్న చిన్న తప్పులు దొర్లుతాయి. ఆ తప్పుల జాడ పట్టుకుంటే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. పామిడి దగ్గరి పెద్ద కోళ్ళఫారంలోది తల్లికొమ్మ. నల్లప్ప నాటుకోళ్ళలోది దాని నుంచి చీలిన రెమ్మ.

నల్లప్ప కోళ్ళ వల్లే ఫారానికి జబ్బంటిందని నెల కిందట ఊరి ముందు చెప్పింది తనే. అప్పటి నుంచి ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. అతని భార్య మారెక్కను శనక్కాయ పనికి కూడా పిలవడం లేదు.

అలా చెప్పడానికి పది రోజుల ముందు, ఒక పొద్దున ఫారంలో నాలుగైదు కోళ్ళు కునుకుతూ కనిపించాయి. ఎండదెబ్బ అన్నారు. తనూ తలూపి, నమూనాలు తీసుకుని, అవే బూట్లతో నల్లప్ప దొడ్డికి కూడా నమూనాల కోసం వెళ్ళాడు.

"సారూ, అవి ఈడనే ఇడ్సు. చౌడమ్మకు మొక్కుకున్న కోళ్ళుండాయి లోపల," అన్నాడు నల్లప్ప.

"మీ అమ్మవారికి నా బూట్లతో ఏం పనప్పా?"

మారెక్క చాట పక్కన పెట్టి నవ్వింది. "మీ చర్చిలోకి గూడా ఇట్లనే పోతావా సారూ? ఆడైతే ఇడుస్తావు గదా!"

విప్పలేదు. తన నాయన పెద్దకులాల వాళ్ళ వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచేవాడు. విప్పమన్న మాట వింటే చాలు, జోయల్‌కు ఒళ్ళు బిగుసుకుంటుంది. కానీ నల్లప్పది ఆ వీధి కాదు. అతను అడిగింది కోళ్ళ కోసం.

ఆ రోజు తీసిన నమూనాల ప్రకారం నల్లప్ప కోళ్ళలో వైరస్ లేదని కూడా ల్యాబు ఇవాళే తేల్చింది. వారం తిరిగేసరికి పన్నెండూ చచ్చాయి. సిగ్గుపడవలసింది వాటి గురించి. మనసు మాత్రం మారెక్క నవ్వు దగ్గరే తచ్చాడుతోంది. అది ఇంకా సిగ్గు.

నివేదికలో ఒక గడి: రెండు చోట్లకూ వెళ్ళిన వ్యక్తులు. అక్కడ నెల కిందట తనే రాసిన మాట: ఎవరూ లేరు.

ఆ రెండు మాటలనూ చెరిపి, తన పేరు టైపు చేశాడు.